మే నెలలో మా బిడారు



పోస్టు పెద్దదైంది, ఓపిక చేసుకుని చదవండి. 2023 మే నెలలో మేం ఎనిమిది మందిమి రాజమండ్రి నుంచి మారేడుమిల్లి ఘాట్ మీదుగా చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం దాకా వెళ్ళి వచ్చిన సంగతి ఇది. గ్రూపులో కొందరు అన్నలు "ఏం చేసొచ్చారో రాయండిరా" అని అడిగారు. టైపు చేసేది ఒకరమే అయినా మాటలు ఎనిమిది మందివీ. కాదు, ఏడుగురివి. ఎనిమిదోవాడి గురించే సగం పోస్టు.

బయల్దేరే ముందు రాత్రి హాస్టల్ మేడ మీద పడుకున్నాం. కింద గదుల్లో ఫ్యాన్ గాలి కూడా వేడిగానే వస్తోంది. ఒక తమ్ముడు ఫోన్‌లో వీడియో పెట్టాడు. ఆస్ట్రేలియాలో ఒక ముసలి జంట, పెద్ద కారు వెనకాల ఇల్లంత డబ్బా తగిలించుకుని ఎర్రమట్టి రోడ్డు మీద పోతున్నారు. అందులోనే మంచం, పొయ్యి, ఫ్రిజ్జు, నీళ్ళ ట్యాంకు. ఎటు చూసినా చెట్టు లేదు, మనిషి లేడు. ఎండ మాత్రం మన ఎండలాగే ఉంది. అలాంటి బండిని క్యారవాన్ అంటారట. పాత అర్థం బిడారు, ఎడారిలో ఒంటెల వరస అని మా తెలుగు సార్ ఒకసారి చెప్పారు. అందరం నోళ్ళు తెరిచి చూస్తుంటే కూనవరం వైపు తమ్ముడు పడుకునే అన్నాడు, "ఇందులో ఏముందన్నా? 2022 జూలైలో మేం చేసింది ఇదే కదా. ఇల్లంతా ట్రాక్టర్ మీద ఎక్కించి గుట్ట మీదికి పోయాం. వాళ్ళకి ఫ్రిజ్జు ఉంది, మాకు కోళ్ళ గంప ఉంది."

నవ్వాం. తర్వాత కాసేపు ఎవరం మాట్లాడలేదు. ఆ జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులు వచ్చింది. 1986లో 75.6 తర్వాత అంత నీరు మా వయసు వాళ్ళం ఎప్పుడూ చూడలేదు. కూనవరం, వి.ఆర్.పురం ఊళ్ళకి ఊళ్ళే గుట్టలెక్కాయి. టార్పాలిన్ కింద పదిహేను రోజులు, నెల రోజులు బతికినవాళ్ళు మాలోనే ముగ్గురున్నారు.

ఇక మా బిడారు సంగతి. ఒక టాటా మ్యాజిక్, ఒక డీజిల్ ఆటో, ఒక బైకు. మ్యాజిక్ మాలో ఒకడి బావది. డీజిల్ మేం పోసుకోవాలి, రోజుకి వెయ్యి ఇవ్వాలి అని మాట. "బావమరిదివి కాబట్టి వెయ్యి, లేకపోతే రెండు వేలు" అని మూడు రోజులూ చెబుతూనే ఉన్నాడు. ఆటో ఇంకో అన్నది. రాజమండ్రిలో ఆటో తోలుకునే కోయ అన్న, భూమి పండక్కి పెళ్ళాం పిల్లల్తో ఊరికి పోతున్నాడు. ఘాట్‌లో ఒంటరిగా పోవడం కన్నా తోడు బాగుంటుందని మాతో కలిశాడు. బస్సులో ఎందుకు పోలేదంటే, బస్సు మెయిన్ రోడ్డు మీదే పోతుంది. మాకు పని ఉన్నది లోపల ఊళ్ళల్లో.

పని ఏంటంటే, ఏప్రిల్ నెలాఖరుకి ఇంటర్ రిజల్ట్స్ వచ్చాయి. మా ఊళ్ళ నుంచి పాసైన వాళ్ళు, పోయినేడు పాసయ్యి కూడా ఎక్కడా చేరని వాళ్ళు, మాకు తెలిసినంతలో పద్నాలుగు మంది తేలారు. నోట్‌బుక్‌లో పేర్లు, ఊళ్ళు రాసుకున్నాం. ఫోన్లు చేస్తే సగం స్విచ్ఛాఫ్, సగం కవరేజీ ఏరియాలో లేదు. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కిన మొదటి వాళ్ళం మేమే. 1853లో మొదలైన కాలేజీ ఉన్న ఊళ్ళో చదువుకుంటున్నాం, నూట డెబ్భై ఏళ్ళకి మా ఇంటి నుంచి ఒకరు వచ్చారు. మా తర్వాత ఇంకొకరు రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో అని ఒక చెల్లి అంది. ఆ మాటకే ఈ ప్రయాణం. సీనియర్ల దగ్గర పాత పుస్తకాలు, నోట్సులు అడిగి నాలుగు బస్తాలు నింపాం.

తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాం. ఎండ రాకముందే ఘాట్ ఎక్కేయాలని బావ లెక్క. హాస్టల్‌లో వేసవికి పెట్టెలు ఇంటికి మోసుకెళ్ళక్కర్లేదు. స్టోర్ రూంలో పెట్టి పేరు రాసి తాళం వేస్తారు. అందరం బట్టల సంచులతో దిగాం. మా రెడ్ల తమ్ముడు ఒక్కడే తన ట్రంకు పెట్టె, పరుపు చుట్ట, కంచం, గ్లాసు, బకెట్ కూడా దించాడు. "ఏరా, అత్తారింటికి పోతున్నావా?" అని ఎగతాళి చేశాం. "పెట్టె తుప్పు పట్టింది, ఊళ్ళో రంగేయిస్తా" అన్నాడు. ఎవరం ఇంకో ప్రశ్న వెయ్యలేదు. పెట్టెని మ్యాజిక్ మీదికి ఎక్కించి తాడు కట్టింది కూడా మేమే.

కోరుకొండ దాటి గోకవరం చేరేసరికి వెలుతురొచ్చింది. అక్కడ రెండు నీళ్ళ టిన్నులు, ఒక ఐసు గడ్డ, అరటిపళ్ళు కొన్నాం. ఇంకో పది కిలోమీటర్లు పోతే నేల రంగు మారుతుంది. ధవళేశ్వరం కింద కాలవలు, కొబ్బరి చెట్లు, మే నెలలో కూడా పచ్చదనం. కాటన్ దొర 1852కి ఆనకట్ట పూర్తి చేశాక లక్షల ఎకరాలు తడిశాయని బళ్ళో చదివాం. ఆ నీళ్ళు ముందు మా ఊళ్ళు దాటుకునే పోతాయి, పాపికొండల మధ్య నుంచి. మా ఊళ్ళల్లో మాత్రం మే నెలలో బోరింగు కొట్టి కొట్టి చేతులు పోతాయి. ఇది ఏడుపు కాదు, రోడ్డు మీద కళ్ళకి కనబడేది రాస్తున్నాం.

రంపచోడవరంలో టీ తాగాం. ఐటీడీఏ ఆఫీసు ఉన్న ఊరు కాబట్టి మాలో ప్రతి ఒక్కరికీ అక్కడ ఏదో ఒక కాగితం జ్ఞాపకం ఉంది. 1922లో మన్యం వీరులు ఆయుధాల కోసం పోలీసు స్టేషన్ల మీదికి వెళ్ళినప్పుడు ఈ ఊరి స్టేషన్ కూడా అందులో ఉంది. ఆ పోరాటం రాజుకోవడానికి ఒక కారణం రోడ్డే అని చాలామందికి గుర్తుండదు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్, నర్సీపట్నం వైపు కొండల్లోకి రోడ్డు వేయించడానికి మనవాళ్ళని సరైన కూలి ఇవ్వకుండా పని చేయించాడు. ఇప్పుడు మా ఊళ్ళు రోడ్డు కావాలని ధర్నా చేస్తాయి. అప్పటి తాతలు రోడ్డు వద్దని కాదు, వెట్టి వద్దని తిరగబడ్డారు అని ఆటో అన్న అన్నాడు. ఆయన అయిదో తరగతి దాకానే చదివాడు.

మారేడుమిల్లిలో కార్లు. శని, ఆదివారాలైతే ఇంకా ఎక్కువ. వెదురు బొంగులో చికెన్ కాల్చే పొగ రోడ్డు పొడుగునా. మనం అడవికి పోయినప్పుడు గిన్నె మోయలేక కనిపెట్టిన వంట, ఇప్పుడు రేటు అడిగితే మనకే కళ్ళు తిరుగుతాయి. ఒక కారులోంచి దిగిన అక్క మా చెల్లెళ్ళని చూసి "మీరు ట్రైబల్సా? ఒక ఫోటో తీసుకోవచ్చా?" అంది. మా బీఎస్సీ చెల్లి "తీసుకోండి అక్కా, తర్వాత మేం మిమ్మల్ని తీసుకుంటాం" అంది. ఆవిడ నవ్వేసి ఫోన్ లోపల పెట్టేసుకుంది. ముందు రాత్రి వీడియో మాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఎర్రనేల వీడియోలో రాళ్ళున్నాయి, కంగారూలున్నాయి, సూర్యాస్తమయం ఉంది. ఆ నేల మీద పుట్టిన వాళ్ళు ఒక్కరూ లేరు. మాలో ఒకడు తర్వాత వెతికి చెప్పాడు. ఆ దేశం నడిమధ్యలో ఉలూరు అనే పెద్ద ఎర్రరాయి ఉంది, అనంగు ఆదివాసులకి పవిత్రం. 1985లో ఆ భూమిని వాళ్ళకి తిరిగి ఇచ్చారు. మా రాయి ఎక్కొద్దు అని వాళ్ళు ఎన్నో ఏళ్ళు అడగ్గా అడగ్గా 2019 అక్టోబర్‌లో ఎక్కడం ఆపించారు. మారేడుమిల్లి వీడియోల్లో కూడా జలపాతాలుంటాయి, మలుపులుంటాయి, బొంగు ఉంటుంది. బొంగు కాల్చే చెయ్యి మాత్రం మణికట్టు దాకానే కనిపిస్తుంది.

మారేడుమిల్లి దాటాక ఫోన్లలో గీతలు పోయాయి. అక్కడ నుంచి ఘాట్. పైన చెట్లు కప్పుకుని నీడగానే ఉంటుంది గాని గాలి కదలదు. ఒక మలుపు దగ్గర రెడ్ల తమ్ముడు "ఆపు బావా" అన్నాడు. అక్కడ నుంచి వాళ్ళ ఊరికి కాలిబాట, కొండ మీదికి మూడు కిలోమీటర్ల పైన. వాళ్ళ చిన్నాన్న, ఇంకో కుర్రాడు కావడి కర్రతో కూర్చుని ఉన్నారు. పెట్టె ఒక వైపు, పరుపు, బకెట్ ఒక వైపు కట్టారు. వీడు మా అందరి చేతులూ ఒక్కొక్కటే పట్టుకున్నాడు. మేం రోజూ చేతులు పట్టుకునే మనుషులం కాదు. "జాగర్తగా పోండి, కింద ఎండ ఎక్కువ" అని బాట ఎక్కేశాడు. వాళ్ళ కోసం అని ఒక డజను అరటిపళ్ళు ఇచ్చాం, అదొక్కటే మేం చేసిన తెలివైన పని.

ఓ అరగంట పోయాక మ్యాజిక్ ముందు భాగం నుంచి ఆవిరి. రేడియేటర్ మరిగింది. బావ మూత తియ్యబోతే ఆటో అన్న చెయ్యి పట్టి లాగాడు. ఏడాది కింద అలాగే మూత తీసి ఒకతను మొహం కాల్చుకున్నాడట. గంట ఆగాం. ఒక టిన్ను నీళ్ళు అప్పటికే తాగేశాం. రెండో టిన్నులో సగం ఉంది. ఆ సగం బండికా, మనుషులకా? ఆటోలో ఇద్దరు చిన్నపిల్లలున్నారు. అప్పుడు అన్న భార్య, మా అందరికీ వదిన, ఆటోలోంచి ఒక స్టీలు గిన్నె, ఆనపకాయ బుర్ర తీసుకుని "రండే" అని అమ్మాయిల్ని తీసుకుని కిందికి దిగింది. వాగు ఎండిపోయి ఇసక మాత్రమే ఉంది. ఎక్కడ తవ్వాలో ఆమె ఇసక రంగు చూసి చెప్పింది. మోచెయ్యి లోతు చెలమ తవ్వేసరికి నీళ్ళు ఊరాయి. మొదట వచ్చిన బురద నీళ్ళు తోడి పారేసి, తేటవి బుర్రలోకి, కలకగా ఉన్నవి టిన్నులోకి. కలక నీళ్ళు గుడ్డలో వడకట్టి బండికి పోశాం. బుర్రలో నీళ్ళు చల్లగా, కొంచెం ఆకు వాసనతో. ఐసు గడ్డ గోకవరంలో కొన్నది అప్పటికే కరిగి బస్తాల కింద పారి, పొలిటికల్ సైన్స్ నోట్సు ఒకటి తడిపేసింది. మేం ముగ్గురం సైన్సు స్టూడెంట్లం, మాలో ఎవరికీ చెలమ ఎక్కడ తవ్వాలో తెలీదు. ఇది ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఆగిన ఆ గంటలోనే పెట్టె సంగతి బయటపడింది. "రంగేయించడానికి పరుపెందుకురా?" అని బీఎస్సీ చెల్లి ఉన్నట్టుండి అంది. ఎవరం మాట్లాడలేదు. తర్వాత ఒక్కొక్కటీ కలిశాయి. మార్చిలో వాడి నాన్న జీలుగు చెట్టు మీంచి పడ్డాడని చెప్పాడు. నడుముకి తగిలింది, తగ్గుతుంది అన్నాడు. మేం "జాగర్తరా" అని ఊరుకున్నాం. పరీక్ష ఫీజు ఆలస్యంగా కట్టాడు. వాడి లెక్కల పుస్తకం కూడా బస్తాల్లో ఉంది. పాత పుస్తకాలు అడిగినప్పుడు వాడే మొదట ఇచ్చాడు. పద్నాలుగు మందిని వెతకడానికి పోతూ, పక్క మంచం వాడు పోతుంటే పెట్టె ఎక్కించి పంపించాం. వెనక్కి పోదాం అని ఇద్దరు, ముందు పిల్లలున్న ఆటోని దించాలి అని బావ. చివరికి తిరుగు ప్రయాణంలో ఆగుదాం అని ముందుకి పోయాం.

తులసిపాక దాటి చింతూరు దిగేసరికి మధ్యాహ్నం రెండు. ఘాట్ దిగుతుంటే వేడి కాళ్ళ నుంచి పైకి ఎక్కుతుంది. మా వైపు మే నెలలో 44, 45 డిగ్రీలు కొత్త కాదు. సిగ్నల్ రాగానే ఫోన్లకి విపత్తుల సంస్థ మెసేజీలు వరసగా వచ్చాయి, తీవ్ర వడగాలులు, బయట తిరగొద్దు అని. తునికాకు కోతకి పోయేవాళ్ళు అప్పటికే తెల్లారి మూడింటికి పోయి వచ్చేశారు. ఊళ్ళల్లో పాకల నీడన కూర్చుని యాభై ఆకులు లెక్కపెట్టి కట్టలు కడుతున్నారు. చిన్నపిల్లలు కూడా లెక్క తప్పరు.

చింతూరు దాటిన తర్వాత మళ్ళీ ఆగాల్సి వచ్చింది. రోడ్డుకి అడ్డంగా తాడు. భూమి పండగ. మగాళ్ళు వేటకి పోయారు, ఆడాళ్ళు రోడ్డు మీద బండ్లు ఆపి డబ్బులు అడుగుతూ పాటలు పాడుతున్నారు. ముందున్న లారీ డ్రైవరు విసుక్కుంటూ పది రూపాయలిచ్చాడు. మా దగ్గరికొచ్చి ఒక అవ్వ లోపల బస్తాలు చూసి "ఇవేంటి, ఉల్లిపాయలా?" అంది. పుస్తకాలు అని చెప్పాం. కోయలో ఏదో అని అందర్నీ నవ్వించింది. మా చింతూరు తమ్ముడు అనువాదం చేశాడు: "పాపం, తినడానికి పనికిరావు, వదిలెయ్యండి." యాభై రూపాయలిస్తే ఇరవై తీసుకుని, ముప్పై తిరిగి ఇచ్చి, తలకి తలా ఒక తాటిముంజె చేతిలో పెట్టింది.

చట్టి దగ్గర ఆటో అన్న కుటుంబం విడిపోయింది. ఆ రాత్రి మాలో ఒకరి ఇంట్లో పడుకున్నాం. జావ, మామిడికాయ పచ్చడి, ఎండుచేపలు. తర్వాత రెండు రోజులూ తెల్లారి అయిదు నుంచి పది దాకా, సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా తిరిగాం. పద్నాలుగు ఇళ్ళకి పన్నెండు ఇళ్ళు దొరికాయి. అన్నీ రాయం, మూడు రాస్తాం.

ఒక చెల్లి ఇల్లు శబరి ఒడ్డున. గోడ మీద కిటికీ పైదాకా బురద గీత ఇప్పటికీ ఉంది. ఎవరూ సున్నం వెయ్యలేదు. "మళ్ళీ వస్తుంది కదా, సున్నం దండగ" అంది వాళ్ళమ్మ. కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది కాబట్టి గోదావరి పొంగితే శబరి వెనక్కి తన్ని ఇళ్ళల్లోకి వస్తుంది. పోలవరం కాగితాల్లో ఈ ఊరు మునిగే ఊరు. 2014లో మా మండలాల్ని ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రాలో కలిపింది కూడా ఆ ప్రాజెక్టు కోసమే. 2022 ఏప్రిల్‌లో జిల్లా కేంద్రం పాడేరు అయింది. అక్కడికి పోవాలంటే పోవడానికే ఒక రోజు పట్టేది. మునిగేదాకా ఇల్లు బాగుచేసుకోవాలా వద్దా అనేది ఎవరూ చెప్పరు. ఆ చెల్లికి ఇంటర్‌లో మంచి మార్కులు. వరదలో మెమో, టీసీ, కులం కాగితం అన్నీ పోయాయి. ఒక కాలేజీకి పోతే ఒరిజినల్స్ లేకపోతే కుదరదు అన్నారట. అంతే, మిరప కోతలకి పోయింది, ఇప్పుడు తునికాకు. డూప్లికేట్ తీసుకోవచ్చు అని ఆ పిల్లకి పది నెలలుగా ఒక్కరూ చెప్పలేదు. పోయాయని పోలీస్ స్టేషన్లో కాగితం, చదివిన కాలేజీ ప్రిన్సిపాల్ దగ్గర అర్జీ, బోర్డుకి ఫీజు. కులం, ఆదాయం సచివాలయంలో. మర్నాడే బైకు మీద మా చెల్లి, ఆ చెల్లి స్టేషన్‌కి పోయి మొదటి కాగితం తెచ్చారు. అది తెచ్చాక వాళ్ళమ్మ మా అందరికీ కోడి కోస్తానంటే వద్దని వారించడానికి చాలా కష్టపడ్డాం. నిజం చెప్పాలంటే అంత కష్టపడలేదు, కోసింది.

ఇంకో తమ్ముడు ఇసక ట్రాక్టర్ మీద పనిచేస్తున్నాడు. ముందే చెప్పేశాడు, "అన్నా, నన్ను అడగొద్దు." వాడి వాదన ఇది. 2000లో వచ్చిన జీవో నంబర్ 3 ఉన్నన్నాళ్ళు ఏజెన్సీలో టీచర్ పోస్టులు మనకే. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. "మా అక్క బీఈడీ చేసి ఇంట్లో కూర్చుంది. నేను డిగ్రీ చేసి ఏం చెయ్యాలి? రోజుకి అయిదొందలు వస్తోంది." మేం గ్రూప్స్ అన్నాం, బ్యాంకులన్నాం, రిజర్వేషన్ పూర్తిగా పోలేదు కదా అన్నాం. వాడు అన్నీ విన్నాడు. "మీలో ఎవరికైనా వచ్చిందా ఉద్యోగం?" అన్నాడు. మాలో పెద్దవాడికి ఇరవై ఒకటి. జవాబు లేదు. వాడు మా బస్తాలోంచి ఇంగ్లీషు గ్రామర్ పుస్తకం ఒకటి తీసుకున్నాడు. "ఊరికే, చెల్లికి" అన్నాడు. వాడు ఓడిపోలేదు, మేం గెలవలేదు. ఆ వాదనకి సరైన జవాబు తెలిసిన అన్నలు ఎవరైనా ఉంటే కింద రాయండి. నినాదం కాకుండా.

మూడో ఇంట్లో పిల్ల చదువుతానంటుంది, తాత వద్దంటాడు. తాతకి భయం పట్నం అంటే. మా అమ్మాయిలు ముగ్గురూ అరుగు మీద ఆయన పక్కన కూర్చుని హాస్టల్ గురించి గంటసేపు చెప్పారు. గేటు ఎన్నింటికి వేస్తారు, అన్నం ఎలా ఉంటుంది, జ్వరమొస్తే ఎవరు చూస్తారు. అన్నం గురించి మాత్రం కొంచెం అబద్ధం చెప్పారు. తాత చివర్లో "ఈ ముగ్గురూ తోడుంటే పంపుతా" అన్నాడు. కాబట్టి వాళ్ళు ఆ పిల్లకి గార్డియన్లు ఇప్పుడు.

మొత్తం మీద పన్నెండు మందిలో ఏడుగురు అప్లై చేస్తామన్నారు. పుస్తకాలు రెండున్నర బస్తాలు ఖాళీ అయ్యాయి.

నాలుగో రోజు తిరుగు ప్రయాణం. మాలో నలుగురు ఊళ్ళల్లో దిగిపోయారు, ముగ్గురం మిగిలాం. ఆ ముగ్గురం రాజమండ్రిలో బట్టల కొట్టులో సెలవుల పనికి ఒప్పుకున్నాం. ఆ మలుపు దగ్గర బావ బండి పక్కకి పెట్టి నీడలో పడుకున్నాడు, మేం బాట ఎక్కాం. పొద్దున ఎనిమిదికే రాళ్ళు కాలుతున్నాయి. ఎక్కుతూ ఏం మాట్లాడాలో అనుకున్నాం. తమ్ముడి ముందు ఇసక ట్రాక్టర్ తమ్ముడికి చెప్పినవే చెప్పకూడదు అనుకున్నాం, అవి మాకే పని చెయ్యలేదు.

వాడు ఇంటి ముందు వెదురు చీలుస్తున్నాడు. మమ్మల్ని చూసి కత్తి కింద పెట్టాడు గాని లేవలేదు. లోపల మంచం మీద వాళ్ళ నాన్న. నడుము కింద స్పర్శ కొంచెమే ఉంది. కాకినాడ పెద్దాసుపత్రికి ఒకసారి తీసుకెళ్ళారు, మళ్ళీ రమ్మన్నారు, మళ్ళీ తీసుకెళ్ళాలంటే డోలీ కట్టి రోడ్డు దాకా నలుగురు మొయ్యాలి. వాన పడితే పోడు పని. అమ్మ ఒక్కతే. తమ్ముడు ఆరో తరగతి. ఇదంతా వాడు చెప్పలేదు, వాళ్ళమ్మ చెప్పింది, మాకు టెంక జావ పోస్తూ. వాడు మా వైపు చూడకుండా వెదురు చీలుస్తూనే ఉన్నాడు.

మేం అనుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. చివరికి మాలో ఒకడు "మాకెందుకు చెప్పలేదురా?" అన్నాడు. వాడు "చెప్తే మీరేం చేసేవాళ్ళు?" అన్నాడు. నిజమే. ఏం చేసేవాళ్ళమో తెలీదు. చందా వేసేవాళ్ళమేమో. అయినా ఆ ప్రశ్న అడగడానికే మూడు కిలోమీటర్లు ఎక్కామని అప్పుడు అర్థమైంది.

వాళ్ళ నాన్న లోపల నుంచి పిలిచాడు. మెల్లగా మాట్లాడాడు. ఆయనకి ఈ పెట్టె ఇంట్లో ఉండడమే కష్టంగా ఉందట. "పొద్దున్నే కళ్ళు తెరిస్తే ఎదురుగా అదే. నా వల్లే వచ్చింది ఇంటికి. ముందు దాన్ని తీసుకుపోండి" అన్నాడు. తమ్ముడు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత లోపలికి పోయి పెట్టె బయటికి లాగాడు. తెరిచి అందులోంచి చొక్కా ఒకటి, దుప్పటి తీసుకున్నాడు, తాళం వేసి చెవి తన మొలతాడుకి కట్టుకున్నాడు. "పెట్టె తీసుకెళ్ళండి. పోడు పని అయ్యాక చూస్తా. పెట్టె అక్కడుంటే ఒకసారైనా రావాలి కదా, చెవి నా దగ్గరుంది" అన్నాడు. నవ్వాడో లేదో సరిగ్గా కనపడలేదు, ఎండలో ఉన్నాడు.

ఇద్దరం మోస్తూ, ఒకరం మారుతూ దింపాం. ఆ దిగడంలో తెలిసింది, పెట్టె బరువు బట్టలది కాదు, లోపల ఇంకా పుస్తకాలున్నాయి. అన్నీ ఇచ్చెయ్యలేదు వాడు. రంపచోడవరంలో ఆగి వాళ్ళ నాన్న కాగితాలు ఫోటోలు తీసినవి పట్టుకుని రెండు చోట్ల అడిగాం. ఆసుపత్రికి మళ్ళీ తీసుకెళ్ళడానికి బండి రోడ్డు దాకా వస్తుందని చెప్పారు. రోడ్డు దాకా మోసే నలుగురి సంగతి మనమే చూసుకోవాలి.

ఇది రాస్తున్నది జూలైలో. ఏడుగురిలో అయిదుగురు అప్లై చేశారు. శబరి ఒడ్డు చెల్లికి డూప్లికేట్ మెమో ఇంకా రాలేదు, అర్జీ నంబరు మా దగ్గరుంది, రోజు విడిచి రోజు ఫోన్ చేస్తున్నాం. మూడో సంవత్సరం క్లాసులు మొదలయ్యాయి. పెట్టె మా గదిలో, వాడి మంచం కింద ఉంది. మంచం ఎవరికీ ఇవ్వలేదు, అడిగిన వాళ్ళకి "వస్తున్నాడు" అని చెబుతున్నాం. వాళ్ళ ఊళ్ళో సిగ్నల్ లేదు. గుట్ట పైకెక్కితే ఒక్క గీత వస్తుందట. పోయిన ఆదివారం మిస్డ్ కాల్ ఒకటి వచ్చింది, తిరిగి చేస్తే కలవలేదు.

ఈ వారం మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు పోయేవాళ్ళు ఎవరైనా ఉంటే మాకు మెసేజ్ పెట్టండి. మలుపు ఎక్కడో చెబుతాం. పరీక్ష ఫీజు ఆఖరి తేదీ రాసిన కాగితం ఒకటి వాడికి చేర్చాలి. నాన్నని రోడ్డు దాకా మొయ్యడానికి ఒక రోజు రాగలిగే తమ్ముళ్ళు నలుగురు కావాలి. ముగ్గురం మేమున్నాం, మార్చి మార్చి మొయ్యాలి కాబట్టి నలుగురు అదనం. నీళ్ళు ఎవరి బుర్ర వాళ్ళు తెచ్చుకోండి.